సంఘము ఎవరి కొరకు, ఎన్నాళ్ల కొరకు?



ఈసారి పాఠములో వెన్న శాతం గురించి గాని, పద్దుల గురించి గాని చెప్పడం లేదు. ఆ రెండూ చక్కగా నడిచిన సంఘాలు కూడా మూతపడటం మేము చూశాము. క్యాన్లు శుభ్రంగా ఉంటాయి, రిజిస్టర్లు సరిగా ఉంటాయి, ఆడిటులో పెద్ద అభ్యంతరాలేవీ ఉండవు. అయినా నాలుగైదు ఏళ్లలో ఆ సంఘము పలచబడిపోతుంది. తనిఖీకి వెళ్లి పాత తీర్మానాల పుస్తకము తిరగవేస్తే కారణము బయటపడుతుంది. మూడేళ్ల తీర్మానాలలో ఒక్కటి కూడా వచ్చే బిల్లు తేదీని దాటి ఉండదు. బిల్లు బట్వాడా, బోనసు పంపకము, టీ ఖర్చు మంజూరు, సన్మాన సభకు శాలువాలు. సంఘము పదేళ్ల తరువాత ఎక్కడ ఉండాలన్న మాట ఒక్క పుటలోనూ కనపడదు.

నాయకత్వము, దూరదృష్టి అనే మాటలు పెద్ద కంపెనీలకు, మంత్రులకు చెందినవని మనలో చాలామంది అనుకొంటారు. పాల సంఘము కూడా వ్యాపారమే. రోజుకు రెండు పూటలా సరుకు కొని, రెండు పూటలా అమ్మే వ్యాపారము. కొన్ని గంటలు ఆలస్యమైతే విరిగిపోయే సరుకు. కిరాణా కొట్టుకు ఒకరోజు తాళం వేయవచ్చు, బర్రెకు సెలవు లేదు. ఇటువంటి వ్యాపారాన్ని ఏ ఉద్దేశంతో, ఎంత దూరము చూసి నడపాలన్నదే ఈ నెల పాఠము.

అంబర్‌పేట బర్రెల షెడ్లు

ముందుగా హైదరాబాదు తూర్పు భాగాన్ని చూద్దాం. అంబర్‌పేట నుంచి రామంతాపూర్, ఉప్పల్, పీర్జాదిగూడ వైపుగా మూసీ పారుతుంది. నగరపు మురుగు కలిసిన ఆ నీటితో ఒడ్డు పొలాలలో దశాబ్దాల తరబడి పారాగడ్డి పెంచారు. ఎండాకాలంలో కూడా పచ్చగా ఉండే మేత అది. మోపులు కట్టి అమ్మితే నగరంలో బర్రెలు పెంచేవారు కొనుక్కుపోయేవారు. అంబర్‌పేట, ఉప్పల్, నాచారం ప్రాంతాలలో షెడ్లు వేసుకొన్నవారు చుట్టుపక్కల ఇళ్లకు వాడుక పాలు పోసేవారు. మధ్యలో దళారీ లేడు. కళ్లముందు పిండించుకొని తీసుకుపోయే ఇళ్లవారు ధర దగ్గర పెద్దగా బేరమాడరు. గ్రామ సంఘంలో పాలు పోసే సభ్యునికి దక్కే ధర కంటే వారికి దక్కింది ఎక్కువే. పశుపోషణలో వారి నేర్పు కూడా తక్కువది కాదు. ఈతకూ ఈతకూ మధ్య ఎడము తగ్గించడంలో, వట్టిపోయిన బర్రెను సకాలంలో మార్చడంలో వారిని చూసి మన సభ్యులు నేర్చుకోవలసినది ఉన్నది.

కాని ఎవరి షెడ్డు వారిది, ఎవరి వాడుక వారిది. నగరము పెరిగింది, గజం ధర పెరిగింది, షెడ్లు ఉన్న చోట ఇళ్లు లేచాయి. ఒక్కొక్కరే బర్రెలను తోలుకొని ఊరి బయటికి జరిగారు. కొందరు అమ్మివేసి వేరే పని చూసుకొన్నారు. వాడుక ఇళ్లు చెదిరిపోయాయి. అందరికీ కలిపి ఒక పేరు లేదు, ఒక చల్లని గది లేదు, కష్టకాలానికి దాచిన ఉమ్మడి నిధి లేదు. అందుచేత పోయినవారు ఎవరికి వారుగా పోయారు. ఇది వారి తప్పని మేము అనము. వారిని ఒకచోట కూర్చోబెట్టి, పదేళ్ల తరువాత ఈ భూమి మన కింద ఉండదు, అప్పుడేమి చేద్దామని అడిగినవారు లేకపోయారు, అంతే.

అదే వీధులలో తెల్లవారకముందే, నాచారానికి పొరుగున ఉన్న లాలాపేట డెయిరీ నుంచి దశాబ్దాలపాటు పాల పాకెట్లు దిగాయి. ఆ పాలలో ఎక్కడో దూరపు పల్లెలో పూటకు రెండు లీటర్లు పోసే ఇల్లాలి పాలు కూడా ఉన్నాయి. ఆమె అంబర్‌పేటను ఎన్నడూ చూసి ఉండదు. అయినా అంబర్‌పేట వీధిలో ఆమె పాలకు గిరాకీ నిలిచింది. ఆ వీధిలోనే బర్రెలు కట్టినవారికి నిలవలేదు. ఆమె వెనుక ఒక సంస్థ ఉన్నది, వీరి వెనుక లేదు.

సరుకు వేరు, ఉద్దేశము వేరు

నాచారం నుంచి ఉత్తరంగా కొద్ది దూరము పోతే కుషాయిగూడ దగ్గర ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వస్తుంది. అందరూ ఇ.సి.ఐ.ఎల్. అంటారు. అణుశక్తి శాఖ కింద 1967లో ఏర్పడిన సంస్థ అది. దానిని నిలబెట్టినవారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు. ఎ.ఎస్. రావు నగర్ అని మనము రోజూ పలికే పేరు ఆయనదే. పాల పాఠములో ఈ సంగతి ఎందుకని అడగవచ్చు. ఒక చిన్న విషయము ఇక్కడ బాగా అర్థమవుతుంది.

1970లలో ఇ.సి. టీ.వీ. అంటే దేశమంతా తెలుసు. ఆ టీ.వీ. తరువాత బజారు నుంచి పోయింది. టీ.వీ.లు చేయడమే ఆ సంస్థ ఉద్దేశము అయితే ఆ రోజే గేటుకు తాళము పడేది. అణు కేంద్రాలకు, రక్షణ అవసరాలకు, ఇతర పనులకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలను విదేశాల మీద ఆధారపడకుండా మన దేశములోనే తయారుచేయాలన్నది దాని మొదటి సంకల్పము. సరుకు మారినా ఆ సంకల్పము మారలేదు. 1982లో కేరళలోని పరవూరులో దేశములో మొదటిసారి వాడిన ఓటింగు యంత్రాలు ఈ సంస్థలో తయారైనవే. తరువాత దేశమంతటి ఎన్నికలకు ఆ యంత్రాలు చేసిన రెండు సంస్థలలో ఇది ఒకటి.

మన సంఘానికి ఈ ప్రశ్న వేసుకొందాం. పాలు సేకరించడము మన ఉద్దేశమా? అది మన సరుకు. పశువును నమ్ముకొన్న కుటుంబానికి ఏడాది పొడుగునా నిలకడైన ఆదాయము రావాలన్నది మన ఉద్దేశము. పాలు సేకరించడమే ఉద్దేశమనుకొన్న పాలకవర్గము దాణా నిల్వ గురించి ఆలోచించదు, దూడల గురించి ఆలోచించదు, గాలికుంటు టీకాలు వేసే రోజున తలుపు తీయదు. అవన్నీ పశువైద్యశాల పని అంటుంది. ఈ మాట చాలా చోట్ల విన్నాము.

పాలు పొంగే కాలము, పాలు తగ్గే కాలము

సంఘాల బలము, బలహీనత బయటపడేది వేసవిలో. పాలు తగ్గుతాయి. ప్రైవేటు వ్యక్తి ఒకరు మోటారు సైకిలుకు రెండు క్యాన్లు కట్టుకొని ఊళ్లోకి వస్తాడు. సంఘము ఇచ్చే ధర మీద లీటరుకు 3 రూపాయలు ఎక్కువ ఇస్తానంటాడు. పరీక్ష లేదు, బిల్లు తేదీ దాకా ఆగనక్కరలేదు, చేతిలో నగదు. సభ్యుడు అటు మొగ్గడంలో వింత లేదు. లెక్క మాత్రము పూర్తిగా వేయాలి.

ఒక సభ్యుడు వేసవి నాలుగు నెలలు, అంటే 120 రోజులు, రోజుకు 4 లీటర్ల చొప్పున అతనికి పోశాడనుకొందాం. 3 రూపాయల చొప్పున ఎక్కువగా వచ్చింది 1,440 రూపాయలు. దసరా తరువాత పాలు పొంగే కాలము వస్తుంది. అదే సభ్యుని ఇంట్లో ఇప్పుడు రోజుకు 8 లీటర్లు. ఊరిలో పాలు ఎక్కువైనాయి గనుక ఆ వ్యక్తి సంఘము ధర కంటే 4 రూపాయలు తగ్గిస్తాడు. ఈ లోపల సంఘము మూతపడి ఉంటే అడిగే దిక్కు లేదు. 150 రోజులకు తగ్గింది 4,800 రూపాయలు. మొత్తము మీద ఒక్క ఏడాదిలో 3,360 రూపాయల నష్టము. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే. మీ ఊరి ధరలు వేసుకొని ఎవరి లెక్క వారు చూసుకోవచ్చు.

ఈ లెక్క నాయకునికి తెలిస్తే చాలదు. వేసవిలోనే సభ్యులకు చెప్పాలి. అంతకంటే ముఖ్యము, పాలు పొంగినప్పుడు తీసుకొంటామన్న మాట నిలబెట్టుకోవాలి. పాలు ఎక్కువైన రోజున క్యాను వెనక్కు పంపిన సంఘానికి, వేసవిలో విధేయత అడిగే హక్కు ఉండదు.

గుజరాతు ఖేడా జిల్లాలో మొదట తలకెత్తుకొన్నది ఈ సమస్యనే. అక్కడి రైతులు పాలన్నీ పోల్సన్ కంపెనీకే, దాని గుత్తేదార్ల ధరకే పోయవలసి వచ్చేది. 1946 జనవరిలో సమర్ఖా గ్రామములో సభ జరిగింది. సర్దార్ పటేల్ సలహా, మొరార్జీ దేశాయి తోడ్పాటు ఉన్నాయి. రైతులు పదిహేను రోజులు పాలు పోయడము మానివేశారు. ఆ ఏడాది డిసెంబరు 14న ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార యూనియన్ రిజిస్టరు అయింది. అధ్యక్షుడు త్రిభువన్‌దాస్ పటేల్. స్వాతంత్ర్య పోరాటములో జైలుకు వెళ్లినవాడు. ఊరూరా తిరిగి, సంఘానికి పది ఇళ్లయినా సరే చేర్చినవాడు.

1949లో వర్గీస్ కురియన్ అనే యువ ఇంజనీరు ఆనంద్‌లోని ప్రభుత్వ క్రీమరీకి ఉద్యోగిగా వచ్చాడు. స్కాలర్‌షిప్పు ఒప్పందము కొద్దీ వచ్చినవాడు, ఎప్పుడు వెళ్లిపోదామా అని చూస్తున్నవాడు. భాష వేరు, ప్రాంతము వేరు, మతము వేరు. అటువంటివానిని ఆగమని అడిగి, యూనియన్ పని అప్పజెప్పి, రోజువారీ నిర్వహణలో వేలు పెట్టకుండా ఉన్నది త్రిభువన్‌దాస్ గొప్పతనము. మన సంఘాలలో అధ్యక్షుడు టెస్టరు పక్కన నిలబడి ఎవరి పాలకు ఎంత శాతము రాయాలో చెప్పడము చూసినప్పుడల్లా మాకు ఈ సంగతి జ్ఞాపకము వస్తుంది. ఎన్నికైనవాడు దారి చూపాలి, పని తెలిసినవాడు పని చేయాలి. ఒకరి కుర్చీలో ఇంకొకరు కూర్చోరాదు.

చలికాలములో ఖేడా పాలు పొంగేవి. బొంబాయి అన్ని పాలూ తీసుకోలేకపోయేది. ఆ పాలను ఏమి చేయాలి? పొడి చేయాలి. గేదె పాలను పొడి చేయడము సాధ్యము కాదని అప్పటి విదేశీ నిపుణుల మాట. హెచ్. ఎం. దలాయా అనే డెయిరీ ఇంజనీరు చేసి చూపించాడు. యూనిసెఫ్ సహాయము, న్యూజిలాండ్ సహాయము తీసుకొని కట్టిన కర్మాగారాన్ని 1955 అక్టోబరు 31న ప్రధాని నెహ్రూ ప్రారంభించారు. సభ్యుని క్యాను చలికాలములో వెనక్కు పోరాదన్న ఒక్క మాట కొరకు తొమ్మిదేళ్లు పాటుపడ్డారన్నమాట. ఆ తొమ్మిదేళ్లలో మిగిలిన ప్రతి రూపాయినీ బోనసుగా పంచి ఉంటే ఆ కర్మాగారము ఉండేది కాదు, దాని తరువాత వచ్చినవేవీ ఉండేవి కావు. 1964లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి అక్కడికి వచ్చి, అజర్‌పురా అనే పల్లెలో ఒక రాత్రి గడిపి, సంఘము పని కళ్లారా చూసిన తరువాతనే 1965లో జాతీయ పాడి అభివృద్ధి మండలి పుట్టింది. దాని కేంద్ర కార్యాలయము ఢిల్లీలో పెట్టకుండా ఆనంద్‌లోనే పెట్టారు.

త్రిభువన్‌దాస్ 1970ల మొదట్లో తానుగా పదవి విడిచిపెట్టాడు. సభ్యులు తలా ఒక రూపాయి వేసి ఆయనకు పర్సు అందజేశారు. ఆ డబ్బుతో ఆయన పల్లెలలో తల్లుల, పిల్లల ఆరోగ్యము కొరకు ఒక సంస్థ పెట్టాడు. మనవైపు పదవి దిగిపోయే అధ్యక్షునికి తలా ఒక రూపాయి ఇవ్వమంటే ఎంతమంది ఇస్తారో ఎవరికి వారు ఆలోచించుకోవచ్చు.

మనవైపు కథ

మన రాష్ట్రములో పాడి అభివృద్ధి వేరే దారిలో వచ్చింది. 1960లలో యూనిసెఫ్ సహాయముతో ప్రభుత్వమే పాల పథకాలు నడిపింది. 1974లో ఆంధ్రప్రదేశ్ పాడి అభివృద్ధి కార్పొరేషన్ ఏర్పడింది. ఆనంద్ పద్ధతిలో గ్రామములో సంఘము, జిల్లాలో యూనియన్, రాష్ట్రములో ఫెడరేషన్ అనే మూడంచెల ఏర్పాటు చేయడానికి 1981లో ఫెడరేషన్ వచ్చింది. 2014లో రాష్ట్రము విడిపోయిన మీదట తెలంగాణకు వేరే ఫెడరేషన్ అయింది.

మా అభిప్రాయము దాపరికము లేకుండా చెబుతాము. ఆనంద్‌లో కోపమున్న రైతు ముందు, సంఘము తరువాత, కర్మాగారము ఆ తరువాత. మనవైపు చాలా గ్రామాలకు ముందు పాల లారీ వచ్చింది, సంఘము తరువాత వచ్చింది. దీనివలన మేలు జరగలేదని కాదు. పాల లారీ రాని రోజులలో పెరుగు చిలికి నెయ్యి చేసి సంతకు మోసుకుపోయిన ఇళ్లకు ఆ మేలు ఎంతో తెలుసు. కాని ఇప్పటికీ చాలామంది సభ్యులు సంఘాన్ని సర్కారు డెయిరీ అంటారు. సర్కారుదైతే దాని రేపటి గురించి సర్కారు చూసుకోవాలి గదా! బిల్లు ఆలస్యమైతే రోడ్డు మీద కూర్చొంటాము, మహాజన సభకు మాత్రము రాము. కోరము లేక వాయిదా పడిన సభల నోటీసులు మా ఫైళ్లలో దొంతరలుగా ఉన్నాయి.

కింది నుంచి కట్టుకొన్న సంస్థ మనవైపు లేదా అంటే, ఉన్నది. ఒకప్పటి కరీంనగర్ జిల్లా, ఇప్పటి హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలములోని ముల్కనూరు. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డిగారు అక్కడ సహకార పరపతి సంఘాన్ని ప్రారంభించారు. షావుకారు దగ్గర తప్ప అప్పు పుట్టని రోజులు. మొదట పంట అప్పు. అప్పు తిరిగి కట్టే అలవాటు కుదిరిన తరువాత ఎరువులు, విత్తనాలు. పంట చేతికి వచ్చినప్పుడు ధర పడిపోకుండా కొనుగోలు. కొన్న వడ్లను మరపట్టడానికి రైసు మిల్లు, పత్తికి జిన్నింగు మిల్లు, ఆపైన విత్తన వడ్ల శుద్ధి. సహకార డిప్లొమా తరగతులలో చదువుకొన్నవారెవరికైనా ముల్కనూరు పేరు పాఠములో వచ్చే తీరుతుంది.

దీనిలో చూడవలసినది వరుస. సభ్యుని అవసరము ఎక్కడ ఆగిందో అక్కడ సంఘము ఒక అడుగు వేసింది. అడుగు పడిన చోట కాలు నిలదొక్కుకొన్న తరువాతనే రెండో అడుగు. మిల్లు ముందు కట్టి, వడ్లు ఎవరు తెస్తారని తరువాత వెతుక్కోలేదు. ఊరికి ఒక భవనము, భవనము మీద పేర్ల పలక, లోపల పని లేదు అన్న పరిస్థితి ఎన్ని చోట్ల చూడలేదు!

ఆ ప్రాంతములోనే తరువాతి కాలములో ఆడవారు ఒక పాల సంస్థ పెట్టుకొన్నారు. దానికీ వరుస ఉన్నది. 1990లలో హైదరాబాదులోని కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ ప్రోత్సాహముతో పల్లెల్లో మహిళా పొదుపు సంఘాలు ఏర్పడ్డాయి. నెల నెలా కొద్ది కొద్దిగా పొదుపు చేశారు. తమ డబ్బు తామే అప్పులిచ్చుకొన్నారు, వసూలు చేసుకొన్నారు. సభ నడపడము, సంతకము పెట్టేముందు లెక్క చదవడము అక్కడ అలవాటైంది. ఆ అలవాటు మీద 2000 సంవత్సరములో ముల్కనూరు మహిళా డెయిరీ నిలబడింది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టము కింద రిజిస్టరు చేసుకొన్నారు. ఆ చట్టము కింద సంఘములో ప్రభుత్వ వాటాధనము ఉండదు. లాభము వచ్చినా, నష్టము వచ్చినా సభ్యులదే. స్వకృషి అన్న పేరుతో పాలు అమ్ముతారు. సభ్యులంతా ఆడవారే, పాలకవర్గమూ వారిదే. అది మన ఫెడరేషన్ గొడుగు కింద లేదు. అయినంత మాత్రాన చూసి రాకూడదని ఎక్కడా లేదు.

ఈ సందర్భములో ఒక మాట. మన సంఘాలలో మేత వేసేది, పేడ తీసేది, చాలా ఇళ్లలో పాలు పిండేది ఆడవారు. వాటా పత్రము మాత్రము మగవారి పేరున. బర్రె ఈ పూట ఎందుకు పాలు తక్కువ ఇచ్చిందో తెలిసిన మనిషి సభలో ఉండదు, తెలియని మనిషి చేయి ఎత్తుతాడు. సంఘానికి పదేళ్ల ఆలోచన కావాలంటే సభ్యత్వ రిజిస్టరు నుంచే మొదలుపెట్టవచ్చు.

పెయ్య దూడ లెక్క

పాలకవర్గము పదవీకాలము ఐదేళ్లు. దీనిని పశువు లెక్కతో పోల్చి చూడండి.

ఈ రోజు ఎదకు వచ్చిన బర్రెకు మంచి ముర్రా జాతి సూది వేయించారనుకొందాం. చూడి కట్టి ఈనడానికి పది నెలలు దాటుతుంది. పెయ్య దూడ పుట్టిందనుకొందాం. దానికి కడుపునిండా జున్నుపాలు తాగించి, నట్టల మందు పోసి, దాణా తగ్గకుండా పెంచినా మొదటి ఈతకు వచ్చేసరికి మూడున్నర, నాలుగేళ్లు పడుతుంది. నిర్లక్ష్యము చేస్తే ఐదేళ్లు కూడా దాటుతుంది. మొత్తము కలిపితే, ఈనాటి సూదికి ఫలితము కేంద్రములో క్యానులో పడేసరికి ఈ పాలకవర్గము దిగిపోయే రోజు వస్తుంది. ఆ పాలు వచ్చే పాలకవర్గము లెక్కలో పడతాయి. సన్మానము వారికి జరుగుతుంది.

ఇది తెలిసీ సూదికి, దూడల దాణాకు సంఘము డబ్బు ఖర్చు పెట్టేవాడే మేము చెప్పే నాయకుడు. ఇంతకంటే గట్టి పరీక్ష మాకు తెలియదు.

పేర్లు చెప్పకుండా రెండు సంఘాల సంగతి చెబుతాము. రెండూ నగరానికి తూర్పున, ఒకే రూటులో ఉన్నవి. మొదటి దానిలో ఎన్నికల ఏడాది వచ్చింది. భవన నిధి అని పదేళ్లుగా కూడబెట్టినది ఉన్నది. అధ్యక్షుడు మహాజన సభలో తీర్మానము చేయించి దాదాపు అంతా బోనసుగా పంచాడు. డప్పులు, దండలు. ఆయనే మళ్లీ గెలిచాడు. రెండో ఏడు పాల పరీక్ష యంత్రము చెడిపోయింది. బాగుచేయించడానికి డబ్బు లేదు, కొత్తది కొనడానికి అంతకన్నా లేదు. కొన్ని నెలలు అందాజుగా శాతాలు రాశారు. మంచి పాలు పోసేవారికి ఒళ్లు మండింది, వారు ముందు పోయారు. నీళ్ల పాలు పోసేవారు మిగిలారు. యూనియన్‌లో పరీక్ష చేస్తే రోజూ కోత. రెండు వేసవులలో ఆ సంఘానికి తాళము పడింది. చివరకు 51 ఎంక్వైరీ వేయవలసి వచ్చింది. విచారణలో డబ్బు తిన్నవాడు ఎవరూ దొరకలేదు. అంతా తీర్మానము ప్రకారమే జరిగింది.

రెండో సంఘములో అధ్యక్షునికి రెండు బర్రెలు, మూడెకరాల చెలక. మాటకారి కాదు. లీటరుకు 50 పైసలు మేత నిధికి పట్టుకొందామని సభలో పెట్టాడు. రోజుకు 400 లీటర్లు వచ్చే కేంద్రములో అది రోజుకు 200 రూపాయలు, ఏడాదికి 73,000. గొణుగుళ్లు వచ్చాయి. మన పాల డబ్బు మనకిచ్చేదానికి ఇతనెవరని అడిగారు. ఎట్లాగో తీర్మానము నెగ్గింది, తరువాతి ఎన్నికలో ఆయన మాత్రము ఓడిపోయాడు. కొత్తగా వచ్చినవారు ఆ నిధిని తీసి పంచుదామని చూశారు. మేత కొనుగోలుకు తప్ప వాడరాదని తీర్మానములో రాసి ఉన్నది, సభలో కొందరు సభ్యురాళ్లు పట్టుబట్టారు, ఆగిపోయింది. ఆ తరువాత వానలు లేని ఏడాది వచ్చింది. చుట్టుపక్కల వరిగడ్డి ధర అందకుండా పోయింది. ఆ సంఘము కోతల సమయములోనే లారీలతో గడ్డి తెప్పించి వాము వేసి ఉంచింది, సభ్యులకు పాల బిల్లులో కోసుకొనే పద్ధతి మీద ఇచ్చింది. పక్క ఊళ్లలో పశువులు సంతకు పోయాయి. ఇక్కడ పాలు తగ్గాయి గాని పశువులు నిలిచాయి. ఆ ఏడాది తనిఖీకి వెళ్లినప్పుడు ఆ పాత అధ్యక్షుడు మిగిలినవారితో పాటు వరుసలో క్యాను పట్టుకొని నిలబడి ఉన్నాడు. గడ్డి వాము గురించి ఆయనను ఎవరూ ఏమీ అడగడము లేదు.

రెండు సంఘాల మధ్య తేడా మనుషుల నిజాయితీలో కూడా లేదని గమనించాలి. మొదటి అధ్యక్షుడు ఒక్క పైసా తినలేదు. సభ్యులు అడిగినది ఇచ్చాడు, అంతే. రెండో ఆయన సభ్యులకు అవసరమైనది ముందుగా అడిగాడు, దానిని తన ఇష్టానికి వదలక కాగితము మీద కట్టుదిట్టము చేశాడు. ఆయన ఓడిపోయినా నిధి నిలిచింది ఆ ఒక్క వాక్యము వలన.

ఇక పని

బోనసు వద్దని మేము చెప్పడము లేదు. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది కార్మికులు పెట్టిన దుకాణము నాటి నుంచి మిగులును సభ్యులకు వారి వాడకాన్ని బట్టి పంచడము సహకార పద్ధతే. పోసిన పాలను బట్టి బోనసు ఇవ్వడము న్యాయము. చట్టము ప్రకారము రిజర్వు నిధికి చేర్చవలసినది చేర్చి, మిగిలిన దానిలో ఎంత పంచాలి, ఎంత దేనికి ఆపాలి అన్నది ఏటా సభలో నోరు తెరిచి మాట్లాడుకోవలసిన విషయము. ఆపిన డబ్బు దేనికో పేరు పెట్టి రాయాలి. వట్టి నిధి అని రాస్తే ఎన్నికల ఏడాదికి దాని ప్రాణము పోతుంది.

అట్లాగే, కార్యదర్శి పక్కన పని నేర్చుకొనే యువతి గాని, యువకుడు గాని ఒకరు ఉండాలి. లెక్కలన్నీ ఒక్క మనిషి తలలో ఉన్న సంఘాలు ఆ మనిషికి జబ్బు చేసిన వారము బిల్లులు ఆపుతున్నాయి. ఆ కుర్చీ తనకే రాసి ఉన్నదనుకొనే కార్యదర్శులకు ఈ మాట రుచించదు. పాలకవర్గమే పూనుకోవాలి.

ఈ ఏడాది మహాజన సభ ఎజెండాలో ఒక అంశము పెట్టవలసినదిగా కోరుతున్నాము. ఐదేళ్ల తరువాత మన కేంద్రానికి పాలు పోయబోయే పశువులు ఇప్పుడు ఎన్ని పెయ్య దూడలుగా ఉన్నాయో సభ్యులవారీగా లెక్క రాసి చదవండి. వేసవిలో తప్పిపోయిన సభ్యులెందరో, చలికాలములో తిరిగి వచ్చినవారెందరో చదవండి. ఈ రెండు లెక్కల మీద చర్చ జరిగిన తరువాతనే బోనసు అంశము తీసుకోండి. దీనిని చివరన వచ్చే ఇతర విషయాలలో మాత్రము చేర్చవద్దు. ఆ అంశము వచ్చేసరికి సాయంత్రము పాలు పిండే వేళ అవుతుంది, సభలో సగము మంది లేచిపోతారు.